మరిచిపోవడానికీ ఒక తారీఖ్ ఉంది

పోయిన షాబాన్‌లో మా ఆపా కొడుకు మంగ్నీ తెగిపోయింది. అమ్మాయి తరఫు వాళ్లు ఉంగరం, జోడాలు తిరిగి పంపించారు. మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అమ్మీ "ఖిస్మత్‌లో లేదు, సబర్ చెయ్ బేటా" అంది. దూల్హేభాయ్ ఇంకో మాట అన్నారు: "మర్ద్ హోకే రోతా క్యా రే?" ఆ మాటతో పిల్లవాడు మేడ మీది గదిలోకి పోయాడు. దస్తర్‌ఖాన్ మీద కూడా కనిపించడం మానేశాడు.

ఒకరోజు ఇషా తర్వాత ఆపా నన్ను పైకి పంపింది. తలుపు అవతల నవ్వు వినబడింది. లోపలికి వెళ్లేసరికి భాంజా లాప్‌టాప్ మూసేశాడు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఏం చూస్తున్నావ్ రా?"

"వద్దు మామూ, మీరు చూసేది కాదు."

పేరు మాత్రం చెప్పాడు. 'ఫర్‌గెటింగ్ సారా మార్షల్'. సారా మార్షల్‌ని మరిచిపోవడం అన్నమాట. తర్వాత నేను ఒక్కడినే కూర్చుని చూశాను. భాంజా చెప్పింది నిజమే, బాల్‌బచ్చాలతో చూసే సినిమా కాదు. బేషరమ్ సీన్లు ఉన్నాయి, మాటలు ఇంకా బేషరమ్. మీ ఇంట్లో పెట్టుకోమని నేను చెప్పను. కానీ అందులో ఒక సంగతి నన్ను పాత కితాబుల దాకా తీసుకెళ్లింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

2008 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైన సినిమా ఇది. నికొలస్ స్టోలర్‌కి డైరెక్టర్‌గా మొదటిది. రాసింది జేసన్ సీగల్, హీరో కూడా ఆయనే. పీటర్ అనే ఆయన టీవీ సీరియల్‌కి సంగీతం కడుతుంటాడు. ఆ సీరియల్ హీరోయిన్ సారా. ఐదేళ్లకు పైగా కలిసున్నాక ఆమె ఒకరోజు వచ్చి ఇక చాలు అంటుంది. అప్పుడే గుసుల్‌ఖానా నుంచి తువ్వాలుతో వచ్చాడతను. ఆ మాట వినగానే తువ్వాలు జారిపోతుంది. బట్టలు వేసుకో అన్నా వేసుకోడు. వేసుకుంటే విడిపోవడం పక్కా అయిపోతుందని భయం. ఇది తనకు నిజంగానే జరిగిందని సీగల్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ తర్వాత పీటర్ ఏడుస్తాడు, చాలా ఏడుస్తాడు. మనసు మళ్లించుకుందామని హవాయి పోతే, అదే హోటల్లో సారా కొత్త దోస్త్‌తో దిగి ఉంటుంది. ఇక నవ్వులకు కొదవలేదు.

హాలీవుడ్‌లో ఈ రకం కథ ఇలా చెప్పడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. 1930లో అక్కడి కంపెనీలు తమకు తామే ఒక కోడ్ రాసుకున్నాయి. హేస్ కోడ్ అంటారు. 1934 జూలై నుంచి సఖ్తీగా అమలు చేశారు. పడకగది మాటలు బంద్, నికాహ్ బంధాన్ని హేళన చేయడం బంద్. అయినా మొగుడూ పెళ్లాలు విడిపోవడం మీద జనానికి కథలు కావాలి. అప్పుడు రచయితలు ఒక హిక్మత్ కనిపెట్టారు. విడగొట్టు, ఆఖర్న కలుపు. 1937లో వచ్చిన 'ది ఆఫుల్ ట్రూత్' చూడండి. కేరీ గ్రాంట్, ఐరీన్ డన్ అందులో మొగుడూ పెళ్లాం. ఒకరి మీద ఒకరికి షక్. కోర్టు తలాఖ్ ఇస్తుంది, కానీ అది పక్కా కావడానికి 90 రోజులు. ఆ 90 రోజుల్లో ఒకరి కొత్త సంబంధాన్ని ఇంకొకరు చెడగొడుతూ, ఆఖరి రాత్రి గడియారం పన్నెండు కొట్టే వేళకి మళ్లీ కలిసిపోతారు.

ఇది చదువుతున్న మీకు ఇద్దత్ గుర్తొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. తలాఖె రజయీలో మూడు హైజ్‌ల గడువు, ఆ గడువులో రుజూ చేసుకునే వీలు. మన దగ్గర అది షరీఅత్, వాళ్ల దగ్గర కోర్టు కాగితం. రెండూ ఒక జాడీ కాదు. కానీ రెంటి వెనకా ఒకే సమఝ్ ఉంది: కోపంలో తెగిన దాన్ని ఆ క్షణానే తెగిందనుకోవద్దు, మనిషికి మొహ్లత్ ఇవ్వాలి.

1968లో కోడ్ పోయి రేటింగ్ పద్ధతి వచ్చింది. ఏ సినిమా ఎవరు చూడాలో చెబుతారు, తీయొద్దని చెప్పరు. దాంతో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి, విడిపోయినవాళ్లు విడిపోయినట్టే ఉండిపోవచ్చు. 1977లో 'ఆనీ హాల్' అలాగే ముగిసింది, పైగా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా తెచ్చుకుంది. రెండోది బేషరమీ. 1998లో 'దేర్స్ సమ్‌థింగ్ అబౌట్ మేరీ'తో ఆ దుకాణం బాగా నడిచింది. 2005లో జడ్ ఎపటో 'ది 40 ఇయర్ ఓల్డ్ వర్జిన్' తీశాడు. పచ్చి మాటల కింద మెత్తటి దిల్ పెట్టడం ఆయన తరీఖా. సారా మార్షల్ సినిమాకి నిర్మాత కూడా ఆయనే. ఈ రెండు తలుపుల గుండా వచ్చిన కథ ఇది. సారా తిరిగి రాదు, మగవాడు అందరి ముందూ ఏడుస్తాడు.

మరి మన దగ్గర? నేను ఉర్దూ మీడియంలో చదివాను. మా ఉస్తాద్ హిజ్ర్ గజళ్లు ఎన్నో చెప్పారు. ఆషిఖ్ అంటే గోడకి తల కొట్టుకోవాలి, గలీలో పడి ఉండాలి, వేరే వాకిలి చూడకూడదు. అదే వఫా. కానీ మా నిసాబ్‌లో లేని సంగతి ఒకటుందని తర్వాత తెలిసింది. దాని పేరు వాసోఖ్త్. మాషూఖ్ బేవఫాయీతో విసిగిన ఆషిఖ్ ఎదురు తిరిగి, "నీ నఖ్రాలు ఇక చాలు, నా దిల్ ఇంకెక్కడో పెట్టుకుంటాను" అని తేల్చి చెప్పే షాయరీ. ఫార్సీలో పదహారో శతాబ్దపు వహ్షీ బాఫ్ఖీ పేరు దీనితో ముడిపడి ఉంది. ఉర్దూలో మీర్ రాశాడు. లక్నోలో 'ఇందర్ సభా' రాసిన అమానత్‌కి వాసోఖ్త్‌తో కూడా పెద్ద పేరు. అంటే మరిచిపోయే హక్ మన అదబ్‌లో కూడా ఉంది, మనకి ఎవరూ చెప్పలేదు అంతే.

ఇంకా వెనక్కి పోతే ఉందులూస్. ఖుర్తుబాలో 994లో పుట్టిన ఇబ్నె హజ్మ్ తర్వాత పెద్ద ఫఖీహ్ అయ్యాడు, జాహిరీ మజ్హబ్‌కి ఆయనే పెద్ద గొంతు. అంతకుముందు, ఇంకా ముప్పై ఏళ్లు రాకముందే, షాతిబాలో ఉన్న రోజుల్లో ఇష్ఖ్ మీద ఒక కితాబ్ రాశాడు. 'తౌఖుల్ హమామా', పావురం మెడ చుట్టూ ఉండే హారం. దాంట్లో ముప్పై బాబ్‌లు. ప్రేమ నిషానీలు ఒక బాబ్, హిజ్ర్ ఒక బాబ్, బేవఫాయీ ఒక బాబ్. ఆఖర్ల వైపు ఒక బాబ్ పూర్తిగా మరిచిపోవడం మీదే. మరిచిపోవడంలో ఏది తప్పు, ఏది మాఫ్ అని ఫిఖ్‌హ్ కితాబులా లెక్క తీస్తాడు. కారణం ఆశిఖ్ వైపు ఉందా, మాషూఖ్ వైపు ఉందా, లేక మౌత్‌లా ఇద్దరి చేతిలోనూ లేనిదా అని విడదీసి చూస్తాడు.

ఆయన సొంత కథ కూడా చెబుతాడు. చిన్నప్పుడు గుండెదడకి కుందుర్ నమలడం వల్ల తన కళ్లు ఎండిపోయాయట, ఏడుపు సులువుగా రాదట. అలాంటివాడు ఇరవై ఏళ్లు నిండకముందే నుఅమ్ అనే తన కనీజ్ చనిపోతే, ఏడు నెలలు ఒంటి మీది బట్టలు మార్చలేదు, కన్నీరు ఆగలేదు. ఇది రాసింది ఫిల్మీ హీరో కాదు, ఒక ఆలిమ్. ఈ కితాబ్‌కి మిగిలిన చేతిరాత ప్రతి ఒక్కటే, హాలండ్‌లోని లైడెన్‌లో ఉంది. 1914లో అక్కడే అచ్చయింది. ఆ ఒక్క ప్రతీ పోయుంటే, మగవాడి ఏడుపు గురించి ఒక ఆలిమ్ ఇచ్చిన ఈ గవాహీ మనకి దక్కేది కాదు.

సినిమాలో ఇంకో సీన్ చెప్పాలి. అప్పటిదాకా సారాని మనం బేవఫా అనుకుంటాం. ఒకచోట ఆమె పీటర్‌తో చెబుతుంది, నిన్ను నిలుపుకోవడానికి నేను చేయని కోషిష్ లేదు, కితాబులు చదివాను, డాక్టర్ దగ్గరికి పోయాను, నువ్వు మాత్రం సోఫా మీంచి లేవలేదు అని. పీటర్ దగ్గర జవాబు ఉండదు. ఆ సీన్ దగ్గర నేను ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే మా ఇంట్లో మేమందరం ఆ అమ్మాయిని బేవఫా అనే అన్నాం. నేనూ అన్నాను. ఆ పిల్ల ఏం చెప్పాలనుకుందో ఎవరం అడగలేదు. తెగిన మంగ్నీ మోత అబ్బాయి మీద కొన్ని నెలలు, అమ్మాయి మీద కొన్నేళ్లు. మహల్లాలో రేపు ఇంకో రిష్తా వచ్చినా "అక్కడెందుకు తెగింది?" అనే సవాల్ ఆమెనే అడుగుతారు.

మళ్లీ భాంజా గదికి వెళ్లాను. సినిమా చూశానని చెప్పాను. సిగ్గుతో తల దించుకున్నాడు. నేను సినిమా మాట వదిలేసి ఇబ్నె హజ్మ్ గురించి చెప్పాను. ఏడు నెలలు బట్టలు మార్చలేదంటే నవ్వాడు.

"నాకు ఇంకా మూడు నెలలే అయింది మామూ."

"అయితే ఇంకా టైముంది లే. కానీ స్నానం మాత్రం చెయ్."

ఆ తర్వాత వాడే చెప్పాడు. ఫోన్లో ఆ అమ్మాయి ఎన్నిసార్లు ఏదో చెప్పబోతే, పనుంది, తర్వాత మాట్లాడదాం అన్నాడట. అది చెబుతూ ఏడ్చాడు. నేను సబర్ అనలేదు. సబర్ మంచి మాటే, కానీ అది ఏడుపు నోరు మూయడానికి ఇచ్చింది కాదు.

కిందికి వచ్చాక ఆపాతో ఒకటే అన్నాను: ఇకనుంచి ఆ అమ్మాయిని ఈ ఇంట్లో ఎవరూ బేవఫా అనొద్దు. దూల్హేభాయ్ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున భాంజా దస్తర్‌ఖాన్ మీదికి వస్తే, ఆయనే రోటీల ప్లేటు వాడి వైపు జరిపారు.