నలుగు: ఒక యింటి వస్తువు చరిత్ర

ఆంధ్రుల ఆహారమును, వస్త్రములను, ఆభరణములను గూర్చి కావ్యములను, శాసనములను ఆధారముగా గొని వ్రాయుటకు వలసినంత సామగ్రి గలదు. స్నానమునకు ముందు దేహమునకు పట్టించి నలిచెడి పిండిని గూర్చి వ్రాయబూనినచో సామగ్రి కొరవడును. ఆ వస్తువు అల్పమగుట యిందులకు కారణము కాదు. అది యింట పుట్టి యింటనే వ్యయమగుచుండెను. అంగడి కెక్కని సరకునకు సుంకము లేదు. సుంకము లేనిదానికి శాసనములలో చోటు దొరకదు. అట్టి వస్తువునకు చరిత్ర యెట్లు కూర్పవలెనను ప్రశ్ననే యిచ్చట పరిశీలింపదలచితిమి.

మొదటి సాక్ష్యము పదములది. 'నలుగు' అను నామము నలియుట, నలుచుట యను క్రియలకు చుట్టము. సున్నిపిండి యందలి 'సున్ని' సంస్కృతమున 'చూర్ణ', ప్రాకృతమున 'చుణ్ణ' అను రూపములనుండి వచ్చినదని మాకు తోచుచున్నది. సున్నము, సున్నుండ యనునవియు దీని తోబుట్టువులే. అట్లయినచో సున్నిపిండి యనుటలో ఒకే యర్థము రెండుమారులు చెప్పబడినది. మొదటి మాట యర్థము మరపున బడిన పిమ్మటనే యిట్టి జంటమాటలు పుట్టును గనుక, ఈ వాడుక చిరకాలమునుండి వచ్చుచున్నదని యూహింపవచ్చును. ఇక 'నూనె' యనగా నువ్వుల నెయ్యి. నేడు అన్ని తైలములకును చెల్లుచున్న యీ మాట తొలుత నువ్వులదానికే చెల్లెను. తలంటునకు నేటికిని ప్రశస్తమైనది అదియే.

శాస్త్రగ్రంథముల సాక్ష్యము రెండవది. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయమందు అభ్యంగమును, వ్యాయామమును, ఉద్వర్తనమును, స్నానమును వరుసగా చెప్పెను. ఉద్వర్తనము కఫమును, మేదస్సును తగ్గించి చర్మమునకు ప్రసన్నత గూర్చునని అతని మతము. మన నలుగు ఈ ఉద్వర్తనమే. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు (1126–1138) మానసోల్లాసమున రాజు స్నానభోగమును ప్రత్యేకముగా వర్ణించెను. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు వేకువకు ముందే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, చెమట పట్టునంతవరకు సాముచేసి, పిదప స్నానమాడుచుండెనని వ్రాసినాడు.

అయినను ఇవి రాజుల స్నానములు, వైద్యుల విధులు. వర్తకుల సాక్ష్యమును ఇట్టిదే. కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనము (1244) సుంకము చెల్లింపవలసిన సరకులలో గంధమును, కర్పూరమును, పన్నీటిని పేర్కొన్నది. కొండవీటి కుమారగిరిరెడ్డి (1386–1402) వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. దూరదేశములనుండి వచ్చిన కర్పూర కస్తూరులు ఆ కృత్యాదిలో వర్ణితములు. కొనిన పరిమళమునకు శాసనమును, కావ్యమును గలవు. ఇంట విసరిన పెసరపిండికి అవి రెండును లేవు.

దానికి గల సాక్ష్యము వేరొక చోట నున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి, శివునకు తల్లి లేదని వగచి, తానే తల్లియై ఆతనిని పసిబిడ్డవలె నీళ్ళుపోసి పెంచును. తెలుగు తల్లి చేతిపని యచ్చట దేవునియెడల ప్రవర్తిల్లినది. వినాయకుని జన్మకథ మరియొకటి. శివపురాణమున పార్వతి తన దేహమలముతో బాలుని సృజించును. మత్స్యపురాణమున ఉద్వర్తనము చేయగా వచ్చిన పిండితో బొమ్మ చేయును. తెలుగు ఇండ్లలో ఏటేట చదువుకొను వ్రతకథలో నలుగుపిండియే చెప్పబడుచున్నది. మన గృహిణులకు చిరపరిచితమైన పిండి గనుకనే కథలో ఆ పాఠము నిలిచెనని తలంచుట తప్పుకాదు. పెండ్లిండ్లలో పాడు నలుగుపాటలు కూడ ఈ వర్గమునకే చేరును.

ఇక పిండి మాట. పెసలు, సెనగలు, బియ్యము, మెంతులు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, కస్తూరిపసుపు ఎండబెట్టి విసరుట సామాన్యపద్ధతి. ముందు నూనె, తరువాత పిండి అను క్రమమున యుక్తి గలదు. నూనె చర్మముపై మురికిని వదలించును; పిండి ఆ నూనెను పీల్చుకొని, తన గరుకుతనముచే మృతచర్మమును రాల్చును. తలకు వాడు కుంకుడు, సీకాయలలో సబ్బువలె నురుగునిచ్చు సాపోనినులు గలవు.

కొలతలను గూర్చి మా మేనత్తగారిని అడుగగా, "పెసలు రెండు దోసిళ్ళయితే బావంచాలు చిటికెడు చాలు నాయనా, ఎక్కువైతే ఎండలో ఒళ్ళు మండుతుంది" అని చెప్పిరి. ఆ మాటను మేమప్పుడు మూఢనమ్మకమని త్రోసివేసితిమి. బావంచాలలో సోరాలెన్ అను ద్రవ్యము గలదనియు, అది సోకిన చర్మము ఎండకు కమిలి బొబ్బలెక్కుననియు తరువాత రసాయనశాస్త్రగ్రంథములలో చదివి సిగ్గుపడితిమి. ప్రాచీనులు సర్వజ్ఞులని దీనివలన తేలదు. ఇంట చేసినదెల్ల నిరపాయమను నేటి ప్రచారమును ఆ చిటికెడు బావంచాలే ఖండించుచున్నవి. తేలునది యొక్కటే: అనుభవముచే నేర్చిన మోతాదు ఆమె మాటలో నుండెను, ఏ గ్రంథమునను మాకు కనబడలేదు.

1888లో సన్‌లైట్ సబ్బు కలకత్తాలో దిగినది. మైసూరు సంస్థానము 1916లో గంధపునూనె కర్మాగారమును నెలకొల్పి, పిదప సబ్బును చేయించినది. క్రమముగా నలుగు నిత్యస్నానమునుండి తొలగి దీపావళికి, భోగికి, పెండ్లికి, పసిపిల్లలకు పరిమితమైనది. నేడు సున్నిపిండియు పొట్లములలో అంగడి కెక్కినది. ఇకమీద దానికి బిల్లులును, లెక్కలును ఉండును. చరిత్రకారునకు ఆ భాగము సులభము. తిరుగలినుండి అంగడివరకు నడచిన పూర్వభాగము మాత్రము వృద్ధస్త్రీల జ్ఞాపకముననే యున్నది.

కావున పరిశోధకవిద్యార్థులకు మా మనవి యిది. తమ యింటనే మొదలిడి, మండలమువారీగా పిండి పేరును, పాళ్ళను, వాడు సందర్భమును, పాడు పాటను, చెప్పిన వారి మాటలలోనే వ్రాసికొనవలెను. పాళ్ళతోపాటు హెచ్చరికలను కూడ విడువరాదు. మా మేనత్తగారు గతించిరి. ఆమె చెప్పిన తక్కిన పాళ్ళను మేము వ్రాసికొనలేదు.