సూరత్ సంపదకు సాల్హేర్ కోటే సాక్ష్యం

పొట్టచేత పట్టుకుని వెళ్లిన పద్మశాలీల పుణ్యమా అని సూరత్ పేరు తెలియని నేత ఊరు తెలంగాణలో అరుదు. ఆ సూరత్ కుర్రకారు ఇప్పుడు సెలవులొస్తే డాంగ్ అడవులు దాటి సహ్యాద్రి చేరి, సాలోటా, సాల్హేర్, ముల్హేర్, మోరా, హర్‌గడ్ కోటలను రెండు మూడు రోజుల్లో కాలినడకన చుట్టి వస్తున్నారు. వీటిలో 1567 మీటర్ల ఎత్తున ఉన్న సాల్హేర్‌కు 2025 జులైలో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. మరాఠా సైనిక క్షేత్రాలుగా యునెస్కో గుర్తించిన 12 కోటల్లో అదొకటి. ఆ గౌరవానికి సాల్హేర్ అన్నివిధాలా తగినదే. కానీ సైనిక కోటగా మాత్రమే చూస్తే దాని కథ సగమే తెలుస్తుంది. ఈ కొండల కోసం రాజులు ప్రాణాలొడ్డింది తపతీ తీరపు రేవు గడించిన డబ్బు వల్లే. సూరత్ చరిత్రలో ఒక అధ్యాయం ఈ శిథిలాల్లోనే ఉంది.

ఈ సీమ పేరు బాగ్లాణ్. శతాబ్దాల పాటు దీన్ని బాగుల్ రాజులు ఏలారు. 1596లో రుద్రకవి వారి వంశంపై సంస్కృత కావ్యం రాశాడు. 1638లో ముల్హేర్ ఔరంగజేబు సేనల వశం కావడంతో ఆ వంశం ఏలుబడి ముగిసింది. ఆ కాలం గురించి కావ్యం కన్నా గట్టి ఆధారం నాణెం. సూరత్ బజారులో చెల్లిన మహమూదీ వెండి నాణేలు ముల్హేర్ టంకశాలలోనూ తయారయ్యేవి. రేవు వర్తకులు కొండ రాజు నాణేన్ని నమ్మి తీసుకున్నారంటే ఆ రెండు చోట్ల బతుకు ఎంతగా ముడిపడిందో ఊహించవచ్చు. సరుకంతా బుర్హాన్‌పూర్ మీదుగా చదును నేలపైనే పోయేది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆగ్రా వైపు వెళ్లేవారికి అది నిజమే. దక్కన్‌కు, మన గోల్కొండకు పోవాలంటే మాత్రం కొండలు దాటక తప్పదు. సూరత్ నుంచి గోల్కొండ వజ్రాల కోసం బయల్దేరిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దారి కూడా నవాపూర్ మీదుగా ఈ సీమ అంచులను తాకుతూనే సాగింది.

ఈ బంధం తేటతెల్లమైంది 1670, 1672 మధ్య. 1664 జనవరిలో శివాజీ తొలిసారి సూరత్‌పై పడినప్పుడు మొగల్ అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో తలదాచుకున్నాడు, నగరం గుల్లయింది. 1670 అక్టోబరులో శివాజీ మళ్లీ వచ్చాడు. దోచిన ధనంతో ముల్హేర్ పక్కగా వెనుదిరిగితే దిండోరి దగ్గర మొగల్ సేనాని దావూద్ ఖాన్ సేన అడ్డుపడింది. శివాజీ పోరాడి దారి చేసుకున్నాడు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. కొన్ని నెలలకే, 1671 ఆరంభంలో, ఆయన సాల్హేర్‌ను పట్టుకున్నాడు. సూరత్‌కు రాకపోకలు సాగించే దారి ఎవరి చేతిలో ఉండాలో ఆ ప్రయాణమే నేర్పిందనిపిస్తుంది. మొగలులకూ ఆ సంగతి తెలుసు కనుకే కోటను ముట్టడించారు. 1672 ఫిబ్రవరిలో మరాఠా సేనానులు మోరోపంత్ పింగళే, ప్రతాప్‌రావ్ గుజర్ చెరోవైపు నుంచి వచ్చి వారిని కోట కింద మైదానంలోనే ఓడించారు. మరాఠా యోధుడు సూర్యాజీ కాకడే అక్కడ నేలకొరిగాడు. మెరుపుదాడులకు పేరుపడ్డ మరాఠాలు ఎదురెదురు పోరులో పెద్ద మొగల్ సేనను గెలవడం చరిత్రలో కొత్త మలుపు.

శిఖరం మీద పరశురాముడి గుడి ఉంది కదా, ఈ కొండకు విలువ భక్తి వల్ల వచ్చిందేనని మరికొందరు అంటారు. భక్తి జనాన్ని పైకి రప్పించింది, కాదనలేం. రాతిని తొలిచిన మెట్లకు, నీటి తొట్లకు, వరుస ద్వారాలకు మాత్రం కావలి అవసరమే కారణం. 1818లో ఈ సీమ బ్రిటిష్ వారి పరమైంది. వ్యాపారం బొంబాయికి మళ్లింది, రైళ్లొచ్చాయి, పాత దారి అవసరం తీరిపోయింది. తర్వాత రాష్ట్రాల సరిహద్దు వచ్చి సూరత్‌ను గుజరాత్‌లో, సాల్హేర్‌ను మహారాష్ట్ర నాసిక్ జిల్లాలో ఉంచింది. ఇప్పుడు వారసత్వ జాబితా సాల్హేర్‌ను తీసుకుని, నాణేలు తయారైన ముల్హేర్‌ను వదిలేసింది. ఈ లోటు పూడాలంటే రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు చేతులు కలపాలి. ముల్హేర్‌కూ అదే స్థాయి సంరక్షణ దక్కాలి. ఈ కోటలెక్కేవారికి 1672 యుద్ధంతో పాటు మహమూదీ నాణెం కథ కూడా చెప్పాలి. యుద్ధం ఎలా జరిగిందో ఇప్పటికే చెబుతున్నారు, ఎందుకు జరిగిందో ఆ నాణెం చెబుతుంది.