అధ్యక్షపీఠం - సభ్యత్వ పుస్తకం

సంఘాల చరిత్రలో తీర్మానాలను చదివినంత శ్రద్ధగా మనం ఎన్నికలను చదవం. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభనే చూడండి. 1930 జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి, 1931 దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1935 సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షులయ్యారు. సభకొక ఊరు, సభకొక అధ్యక్షుడు. పీఠాన్ని పట్టుకు కూర్చున్నవారు లేరు. గొప్ప సంప్రదాయమే. కాని పీఠం ఎన్ని చేతులు మారినా, ఆ చేతులు చాలాకాలం ప్లీడర్లవీ, సంపాదకులవీ, చదువుకున్న పెద్దలవీ.

1941 చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన నాటినుంచి అసలు ప్రశ్న ముందుకొచ్చింది: ఎన్నుకునేది ఎవరు? వెట్టితో, భూమి తగాదాలతో నలిగిన రైతులు సభ్యులవుతూ వచ్చారు. 1944 భువనగిరిలో ఆయన తిరిగి అధ్యక్షుడయ్యేసరికి మితవాదులు వేరుపడ్డారు. చీలిక నష్టమే. అయితే పల్లెజనం ఆ మహాసభను "సంఘం" అని తమదిగా పిలుచుకున్నారు.

ఇది రాస్తూ నన్ను నేను తప్పించుకోలేను. మా ఊరి రచయితల శాఖకు పన్నెండేళ్లుగా నేనే కార్యదర్శిని. ప్రతిసారీ "మాస్టారే ఉండాలి" అంటారు, చప్పట్లు కొడతారు. ఏకగ్రీవమని మినిట్సు పుస్తకంలో రాసుకున్నదీ నేనే. నిరుడు జాబితా తిరగేస్తే, ఈ పన్నెండేళ్లలో ముప్పై దాటని వారెవరూ కొత్తగా చేరలేదు. నేను ఐక్యత అనుకున్నదానికి అసలు పేరు వారసులు లేకపోవటం.

వచ్చే మహాసభలో నేను నిలబడను. అంతటితో పని తీరదు. ఈలోగా సభ్యత్వ పుస్తకం పట్టుకుని కాలేజీ హాస్టలు మెట్లెక్కాలి.