అసలు కారు, కొత్త బ్రేకు

2024 ఆగస్టులో కాలిఫోర్నియా తీరంలోని పెబుల్ బీచ్ పోటీలో ఆ ఏటి మేటి కారుగా నిలిచింది 1934 నాటి బుగాటీ టైప్ 59. రేసుల్లో పరుగు తీసిన బండి అది. తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దాన్ని కొని, నల్ల రంగు వేయించి పసుపు చార దిద్దించాడు. తళతళలు లేని ఆ పాత ఒంటితోనే అది పోటీకి వచ్చింది. 1950లో మొదలైన ఈ పోటీలో, పూర్తిగా విప్పి కొత్తగా తీర్చిదిద్దకుండా, ఉన్నది ఉన్నట్టు కాపాడుకున్న కారుకు అగ్ర బహుమతి దక్కడం అదే మొదటిసారి.

పాత కార్లను ప్రేమించేవాళ్లకు అది పండుగ రోజు. అయితే ఆ రోజుతో ఒక పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. రంగు పాతదే ఉండాలి, తోలు సీటు పాతదే ఉండాలి, సరే. మరి టైరో? బ్రేకు గొట్టమో? ముందు అద్దమో? ప్రాణం కాపాడాల్సిన భాగాన్ని మారిస్తే కారు అసలుతనం పోయినట్టేనా?

ఈ ప్రశ్నకు పోటీల చరిత్రలో జవాబు మారుతూ వచ్చింది. పెబుల్ బీచ్ తొలి ఏళ్లలో బహుమతులు ఎక్కువగా కొత్త కార్లకే వెళ్లేవి. 1955లో ఫిల్ హిల్ అనే యువ రేసర్ తన తల్లి సోదరి వాడిన 1931 నాటి పియర్స్ యారోను చక్కదిద్ది తెచ్చి అగ్ర బహుమతి గెలిచాడు. యుద్ధానికి ముందు కాలపు కారు ఒకటి అక్కడ మొదటి స్థానంలో నిలవడం అప్పుడే. 1961లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన ఫిల్ హిల్ ఇతనే. ఆ గెలుపుతో పాత కార్లకు పట్టాభిషేకం జరిగింది. కాలక్రమంలో మెరుపు మీద మోజు పెరిగింది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున కూడా లేనంత నిగనిగతో కార్లు పోటీకి రావడం మొదలైంది.

ఆ మోజుకు పగ్గం వేయడానికి క్లబ్బులు కొలమానాలు పెట్టుకున్నాయి. అమెరికాలో 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా 400 మార్కుల పద్ధతి పెట్టింది. కొన్నవాడికి ఆనాడు డీలరు అప్పగించిన స్థితే ప్రమాణం. అంతకు మించిన మెరుగులకు అదనపు మార్కులు ఉండవు. అదే క్లబ్బు, పోటీకి వచ్చే ప్రతి కారు పక్కనా మంటలార్పే సిలిండరు ఉండి తీరాలంటుంది. ఆ సిలిండరు కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదు. అయినా దానికి చోటిచ్చారు, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించినది.

అసలుతనం లెక్కలో అందరికన్నా పట్టుదల అమెరికన్ స్పోర్ట్స్ కారు కార్వెట్ అభిమానులది. 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీలో మొత్తం మార్కులు 4510. అందులో 94 శాతం, ఆపైన వస్తేనే టాప్ ఫ్లైట్ గౌరవం. బోల్టు తల మీది గుర్తు, అద్దం మూలన ఉన్న తేదీ సంకేతం, గొట్టానికి బిగించిన క్లిప్పు ఆకారం, ఏదీ జడ్జీల కన్ను దాటిపోదు.

ఆ కార్వెట్ బ్రేకునే కాస్త దగ్గరగా చూద్దాం. 1965 నుంచి దాని నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వచ్చాయి. డిస్కును బిగించి పట్టే క్యాలిపర్లు పోత ఇనుముతో చేసినవి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు క్యాలిపర్ లోపలి గోడ తుప్పుపట్టి గుంటలు పడుతుంది. పిస్టన్ సీలు ఆ గుంటల మీద కుదురుగా ఆనదు, ఆయిల్ కారుతుంది. దీనికి పనివాళ్లు కనిపెట్టిన చికిత్స ముచ్చటైనది. పాత క్యాలిపర్‌ను పారేయకుండా, లోపలి రంధ్రాన్ని కొద్దిగా తొలిచి స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు దిగ్గొడతారు. పైన పోత గుర్తులు అవే, అంకెలు అవే. లోపల మాత్రం తుప్పెరుగని గోడ. చరిత్రా చెడలేదు, కాలి కింద బ్రేకూ నమ్మకంగా పనిచేస్తుంది.

అద్దానిదీ ఇలాంటి కథే. 1903లో ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక గాజు సీసా కింద పడింది. పగిలింది గాని ముక్కలు చెదరలేదు. అంతకు ముందు అందులో ఆరిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కల్ని పట్టి ఉంచింది. 1909లో ఆయన పొరల అద్దానికి పేటెంటు తీసుకున్నాడు. 1920ల చివర ఫోర్డ్ మోడల్ ఏ ముందు అద్దంగా ఇలాంటి గాజే వచ్చింది. కాని ఆనాటి పొర ఎండకు పసుపెక్కి, అంచుల్లో నుంచి ఊడుతూ వచ్చేది. ఎదురు ఎండలో అలాంటి అద్దం వెనక కూర్చుంటే దారి మసకబారుతుంది. కారు రోడ్డెక్కాలంటే ఆ అద్దం మార్చక తప్పదు. కాపాడటానికి పుట్టిన వస్తువు కాపాడలేని స్థితికొచ్చాక దాన్నే పట్టుకు వేలాడితే, కనిపెట్టినవాడి ఉద్దేశానికే ద్రోహం చేసినట్టు.

బ్రేకు గొట్టం, అదే హోస్, ఇంకా టక్కరిది. పైకి నల్లగా, నున్నగా, ఒక్క పగులూ లేకుండా కనిపిస్తుంది. లోపలి పొర మాత్రం ఏళ్ల తరబడి ఉబ్బి దారిని మూసేస్తుంది. పెడలు తొక్కితే కాలి బలానికి ఆయిల్ ఎలాగో అవతలికి దూరుతుంది. కాలు తీశాక వెనక్కి రాదు. బ్రేకు పట్టింది పట్టినట్టే ఉండి, చక్రం కాలిపోతుంది, బండి ఒక పక్కకు లాగేస్తుంది. టైరు కూడా అంతే. గాడులు అరగలేదు కదా అని మురిసిపోకూడదు. షెడ్డులో కదలకుండా నిలబెట్టినా రబ్బరు ముసలిదవుతుంది. 2000 నుంచి వచ్చిన టైర్ల పక్కన డాట్ సంకేతం చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పాత గాడుల నమూనాలోనే కొత్త రబ్బరుతో టైర్లు పోసే కంపెనీలు ఉన్నాయి. అమెరికాలోని కోకర్ టైర్ అలాంటిదే. రూపం ఆనాటిది, బలం ఈనాటిది.

అలాగని కొత్తది ఏది తగిలించినా మేలేనని కాదు. వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు చోట్ల బిగించే సీటు బెల్టు 1959లో వచ్చింది. దాన్ని చూసి, చెక్క చట్రం మీద కట్టిన 1920ల కారుకూ బెల్టు బిగిద్దామనుకుంటే, గుద్దుకున్నప్పుడు ఆ చెక్కే చీలి బెల్టు ఊడి రావచ్చు. పాత తరహా బయాస్ టైర్ల కోసం చేసిన రిమ్ముకు రేడియల్ టైరు ఎక్కిస్తే, ఆ కొత్త ఒత్తిడికి రిమ్ము పగలవచ్చు. భద్రత పేరుతో చేసే మార్పుకూ కారు ఒళ్లెరిగిన చెయ్యి కావాలి.

ఈ తర్జనభర్జనకు దారి చూపింది ఫివా. పాత వాహనాల కోసం 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఇది. పాత కట్టడాల పరిరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ అడుగుజాడల్లో ఇది టూరిన్ చార్టర్‌ను రూపొందించింది. తప్పనిసరి మార్పులు చేయాల్సి వస్తే అవి అసలు నిర్మాణాన్ని గాయపరచకూడదు, వీలైతే మళ్లీ వెనక్కి తీయగలిగేలా ఉండాలి, తీసేసిన ముఖ్య భాగాలను కారుతో పాటే భద్రపరచాలి, చేసిన పనంతా రాసిపెట్టాలి. గుడి గోపురానికి మరమ్మతు చేసేటప్పుడు పాటించే మర్యాదే ఇదీ.

ఈ మర్యాద మనకూ అవసరం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం బార్కర్ సంస్థ బాడీ కట్టిన సింహాసనం కారు అది. 1911లోనే కన్నుమూసిన ఆయన దాన్ని ఎక్కనేలేదు. ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్‌కు ముందు చక్రాల బ్రేకులే లేవు. దాన్ని రోడ్డు మీద పరిగెత్తించాలన్న అవసరం లేదు, కాబట్టి దానికి ముందు బ్రేకులు పెట్టాలన్న ఆలోచనే రాకూడదు. నిలిచే కారు వేరు, నడిచే కారు వేరు. పాత కార్ల పోటీలు మన దగ్గరా జరుగుతాయి. 2017లో ఫలక్‌నుమా ప్యాలెస్ కార్టియే పోటీకి వేదికైంది. ఇక నడిచే కార్ల కోసం 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారని బండికి వీఏ అక్షరాలతో నంబరు ప్లేటు ఇస్తారు. తొలి రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 ఫీజు, పదేళ్ల గడువు. రోజువారీ తిరుగుడుకు అనుమతి లేదు. చాసిస్, బాడీ, ఇంజను అన్న ఆ జాబితాలో టైరు లేదు, బ్రేకు గొట్టం లేదు. చరిత్ర ఎక్కడ ఉంటుందో ఆ నిబంధన సరిగానే పట్టుకుంది.

టైరు, గొట్టం, బ్రేకు లైనింగు అరగడానికే పుట్టాయి. ఆనాటి యజమానులూ మార్చుకుంటూనే నడిపారు. వాటిని మార్చడం అసలుతనానికి మచ్చ కాదు. మచ్చ ఎప్పుడంటే, మార్చి మార్చలేదని బుకాయించినప్పుడు. పెబుల్ బీచ్‌లో 1998 నుంచి పోటీకి ముందు కార్లను రోడ్డు మీద నడిపిస్తున్నారు. ఒక విభాగంలో రెండు కార్లు సమానంగా నిలిస్తే, ఆ ప్రయాణం పూర్తి చేసిన దానిదే పైచేయి. మన పోటీల్లోనూ ఆ సంప్రదాయం రావాలి. బానెట్ ఎత్తే ముందు జడ్జీ రెండు అడగాలి. మొదటిది, ఏ భాగం ఎప్పుడు ఎందుకు మారిందో రాసిన పుస్తకం. రెండోది, చీటీలు కట్టి పాత భాగాలు దాచిన రేకు పెట్టె. అవి రెండూ చూపిన యజమానికి కొత్త బ్రేకు హోస్ కోసం ఒక్క మార్కు కూడా తగ్గించకూడదు.