పాత్రధారణ ఆటల సమూహాలు: న్యాయమైన, ఆదరపూర్వకమైన నియమావళి ఎలా ఉండాలి?

ఇంటర్నెట్‌లో కొందరు కలిసి ఒక కల్పిత లోకాన్ని నిర్మించుకుని, అందులో ఒక్కొక్కరు ఒక్కో పాత్రను స్వీకరించి, సంభాషణలతోనూ చర్యలతోనూ కథను ముందుకు నడిపే వినోదాన్ని రోల్‌ప్లేయింగ్ లేదా పాత్రధారణ ఆట అంటారు. ఒకరు రాజవుతారు, మరొకరు గూఢచారి, ఇంకొకరు గ్రహాంతర యాత్రికుడు. ఇటువంటి సమూహాల్లో చాలావాటిని నడిపేది వేతనం లేని కొద్దిమంది ఔత్సాహికులే. ఆట రక్తికట్టినంత కాలం నియమాల ఊసు ఎవరికీ రాదు. పాత్ర పేరుతో ఒకరు మరొకరిని నొప్పించిన రోజున మాత్రం, ఏది ఆట, ఏది హాని, దాన్ని తేల్చే అధికారం ఎవరిది అన్న ప్రశ్నలు ఒక్కసారిగా ముందుకు వస్తాయి. అప్పటికి సమాధానాలు సిద్ధంగా లేని సమూహం తరచుగా చీలిపోతుంది. కొత్తగా చేరినవారైతే ఫిర్యాదు కూడా చేయకుండా నిశ్శబ్దంగా తప్పుకుంటారు.

నియమావళి రచన ఈ కారణంగానే ఒక ప్రత్యేక విషయంగా ఎదిగింది. దీని వెనుక దాదాపు అర్ధ శతాబ్దపు అనుభవం ఉంది.

మూలాలు

ఆధునిక పాత్రధారణ ఆటలకు ఆద్యంగా పేర్కొనే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీని రూపకర్తలు. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఈ ఆటలో ఎదుటివారి ముఖకవళికలే సగం నియమాలు. ఎవరైనా ఇబ్బంది పడితే వెంటనే తెలిసిపోతుంది. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ రూపొందించిన ‘మడ్’ ఈ ఆటను కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి తెచ్చింది. ఆటగాళ్ల మధ్య మిగిలింది అక్షరం ఒక్కటే. ముఖం కనబడని చోట, ముఖం చేసే పనిని రాతపూర్వక నియమం చేయవలసి వచ్చింది.

ల్యాంబ్డామూ ఉదంతం

ఈ విషయంలో నేటికీ ప్రస్తావనకు వచ్చే ఉదాహరణ ‘ల్యాంబ్డామూ’. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి చెందిన పావెల్ కర్టిస్ 1990లో దీన్ని ప్రారంభించారు. ఇది పూర్తిగా అక్షరాలతో నిర్మించిన ఒక పెద్ద భవనం. సభ్యులు అందులో గదులు కట్టుకునేవారు, పాత్రలు ధరించి సంభాషించేవారు. సాంకేతిక అధికారం ఉన్న నిర్వాహకులను ‘విజార్డులు’, అనగా మాంత్రికులు, అని పిలిచేవారు.

సభ్యుల తగాదాలు తీర్చడంతో విసిగిన నిర్వాహకులు 1992 చివరలో ఒక ప్రకటన చేశారు. ఇకపై తాము సాంకేతిక నిర్వహణకే పరిమితమవుతామనీ, సామాజిక వివాదాలను సభ్యులే పరిష్కరించుకోవాలనీ దాని సారాంశం. అయితే పరిష్కరించుకునే పద్ధతి ఏదీ వారు ఏర్పాటు చేయలేదు. కొద్ది నెలలకే, 1993లో, ‘మిస్టర్ బంగిల్’ అనే పాత్ర వెనుక ఉన్న వ్యక్తి ఒక ప్రోగ్రామ్ సాయంతో ఇతరుల పాత్రలను తన అధీనంలోకి తీసుకున్నాడు. ఆ పాత్రలు లైంగిక హింసకు గురవుతున్నట్లు అందరికీ కనిపించేలా వర్ణనలు పంపించాడు. జరిగిందంతా అక్షరాలలోనే. అయినా ఆ పాత్రల వెనుక ఉన్న మనుషుల వేదన కల్పితం కాదు.

సభ్యులు సమావేశమై సుదీర్ఘంగా చర్చించారు. బహిష్కరించాలని కొందరు, నియమమే లేనప్పుడు శిక్ష ఎక్కడిదని మరికొందరు వాదించారు. ఏకాభిప్రాయం కుదరలేదు. చివరకు ఒక విజార్డు సొంత నిర్ణయంతో ఆ పాత్రను తొలగించారు. తప్పు చేసిన పాత్ర పోయింది గానీ, ఒక్కరి ఇష్టమే తీర్పు కావడం న్యాయమా అన్న కొత్త ప్రశ్న మిగిలింది. పాత్రికేయుడు జూలియన్ డిబెల్ అదే ఏడాది డిసెంబరులో ‘ద విలేజ్ వాయిస్’ పత్రికలో ఈ ఉదంతాన్ని సవివరంగా రాశారు. ఆ వ్యాసం ఇంటర్నెట్ సమాజాల అధ్యయనంలో మౌలిక పాఠ్యంగా నిలిచింది.

ఉదంతం తరువాత కర్టిస్ సభ్యుల అర్జీలు, ఓటింగ్‌తో కూడిన ఒక ప్రజాస్వామిక విధానాన్ని ప్రవేశపెట్టారు. అది కూడా సాఫీగా సాగలేదు. సాంకేతిక నిర్ణయాలనూ సామాజిక నిర్ణయాలనూ విడదీయడం ఆచరణలో సాధ్యం కాదని అంగీకరిస్తూ, 1996లో నిర్వాహకులు సామాజిక నిర్ణయాధికారాన్ని తిరిగి చేపట్టారు. నిర్వాహకులు చేతులు దులుపుకున్నా, అంతా తామే అయినా సమూహానికి మేలు జరగదన్నది ల్యాంబ్డామూ ఇచ్చిన పాఠం. అధికారం ఎవరిదో, దాని హద్దు ఏమిటో ముందే రాసి ఉండాలి.

పాత్ర వేరు, వ్యక్తి వేరు

తెలుగువారికి ఈ భేదం కొత్త కాదు. పగటివేషగాళ్లు వీధుల్లోకి వచ్చి వేషానికి తగినట్లు గద్దించినా, గేలి చేసినా, అది వేషమని ఊరందరికీ తెలుసు. కనుకనే దాన్ని వినోదంగా స్వీకరించారు. వేషం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళాకారుడికీ ప్రేక్షకుడికీ ఒకే విధంగా తెలిసి ఉండటం దీనికి ఆధారం.

ఆన్‌లైన్ సమూహాల్లో ఈ గీతను నియమావళే గీయాలి. పాత్రగా రాసే మాటలకూ వ్యక్తిగా రాసే మాటలకూ వేర్వేరు గుర్తులు లేదా వేర్వేరు గదులు కేటాయించడం సర్వసాధారణ పద్ధతి. వ్యక్తిగా రాసేవాటిని జంట కుండలీకరణాల్లో ఉంచడం చాలాచోట్ల ఆచారం. తెలుగు సమూహాలకు భాష మరో వెసులుబాటు కల్పిస్తోంది. పాత్రలు పరస్పరం ‘నువ్వు’ అనుకున్నా, ‘ఏరా’ అనుకున్నా, వేషం బయట మాత్రం అందరూ ‘మీరు’ అనే సంబోధించాలని ఒక్క నియమం పెట్టుకుంటే గీత స్పష్టమవుతుంది.

పాత్రధారణకే ప్రత్యేకమైన దోషాలు రెండున్నాయి. ఎదుటివారి పాత్ర ఏం చేసిందో, దానికి ఏమైందో తానే రాసేయడాన్ని ‘గాడ్‌మోడింగ్’ అంటారు. ఆటగాడిగా తనకు తెలిసిన రహస్యాన్ని, ఆ సంగతి తెలిసే అవకాశం లేని తన పాత్ర చేత వాడించడాన్ని ‘మెటాగేమింగ్’ అంటారు. మొదటిది ఇతరుల స్వేచ్ఛను హరిస్తుంది, రెండవది కథలోని నిజాయితీని దెబ్బతీస్తుంది. ‘మర్యాదగా ఆడండి’ అనే వాక్యం ఈ రెండింటినీ ఆపలేదు. ఉదాహరణ ఆపగలదు: “‘కత్తి దూసి అతని తల నరికాను’ అని రాయకండి. ‘కత్తి దూసి అతని మీదికి దూకాను’ అని రాసి, ఫలితాన్ని ఎదుటివారికి వదలండి.” కొత్తవారికి ఇంతకంటే వివరణ అక్కరలేదు.

సమ్మతి

కథలో యుద్ధం, మరణం, ద్రోహం ఉండవచ్చు. వాటిలో ఏవి ఎంతవరకు అన్నది ఆడేవారు కలిసి తేల్చుకోవాలి. అమెరికన్ ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ 2000ల ఆరంభంలో ప్రచారంలోకి తెచ్చిన ‘గీతలు, తెరలు’ అనే పద్ధతి ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉంది. కథలోకి అసలు రాకూడని విషయాలు గీతకు అవతల ఉంటాయి. కథలో జరిగినా వర్ణించకుండా దాటవేయవలసినవి తెర వెనుక ఉంటాయి. జాన్ స్టావ్రోపోలస్ 2013లో రూపొందించిన ‘ఎక్స్-కార్డ్’ మరో సాధనం. ఎవరైనా ఆ కార్డును చూపితే, కారణం అడగకుండా ఆ సన్నివేశాన్ని మార్చాలి. ఆన్‌లైన్‌లో ఒక అక్షరమో, ఒక గుర్తో ఈ పని చేస్తుంది.

‘కారణం అడగకుండా’ అన్న షరతే ఇక్కడ కీలకం. తనకు ఎందుకు బాధ కలిగిందో పదిమందిలో రుజువు చేసుకోవలసి వస్తే, ఎక్కువమంది ఆ సాధనాన్ని వాడరు. వారు సమూహాన్నే వదిలివెళ్తారు.

ఆదరించే భాష

నియమావళిని కొత్త సభ్యులు తొలిసారి చదివేది గుమ్మంలోనే. నిషేధాల చిట్టాతో స్వాగతం పలికితే, ఇక్కడివారు తనను ముందే అనుమానిస్తున్నారని వారికి అనిపించవచ్చు. అలాగని నియమాలను దాచడమూ మేలు చేయదు. పరిశోధకుడు జె. నాథన్ మటియాస్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు నిదర్శనం. రెడిట్ వేదికపై విజ్ఞానశాస్త్ర చర్చల్లో నియమాలను పైభాగంలో స్పష్టంగా ప్రదర్శించినప్పుడు, కొత్తవారు వాటిని పాటించే అవకాశం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. కొత్తవారి భాగస్వామ్యం సగటున 70 శాతం పెరిగింది. నియమాలు కొత్తవారిని బెదరగొడతాయన్న అభిప్రాయానికి ఈ ఫలితం విరుద్ధంగా ఉంది. రక్షణ ఉందని తెలిసిన చోట మాట్లాడే ధైర్యం కూడా ఉంటుంది.

వివక్షను నిషేధించే నియమం భారతీయ సమూహాల్లో మరింత నిర్దిష్టంగా ఉండాలి. విదేశీ నమూనాలను యథాతథంగా అనువదిస్తే జాతి, లింగం వంటి మాటలు వస్తాయి గానీ కులం జారిపోయే ప్రమాదం ఉంది. కులం, మతం, ప్రాంతం, యాస, లింగం, వైకల్యం అని పేరుపేరునా రాయడం మేలు. తెలుగు సమూహాల్లో యాస ప్రస్తావన మరీ అవసరం. సేవకులూ దొంగలూ ఎప్పుడూ ఒకే ప్రాంతపు యాసలో మాట్లాడే కథలో, ఆ ప్రాంతపు సభ్యులు అతిథులుగా కూడా ఉండలేరు. తెలుగును రోమన్ లిపిలో టైపు చేసేవారిని, భాషలో తప్పులు రాసేవారిని ఎగతాళి చేయకూడదన్న వాక్యం కూడా చేర్చదగినది.

సమయం కూడా న్యాయానికి సంబంధించినదే. హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఉన్నవారు ఒకే కథలో పాల్గొన్నప్పుడు, అక్కడి ప్రాంతాన్నీ రుతువునూ బట్టి సాధారణంగా 9.30 గంటల నుంచి 13.30 గంటల వరకు కాలవ్యత్యాసం ఉంటుంది. ఒకరు నిద్రిస్తుండగా మిగిలినవారు కథను ముగించేయకుండా, జవాబు కోసం ఎంత సమయం వేచి ఉండాలో ముందే నిర్ణయించాలి.

శిక్ష, విచారణ, అప్పీలు

చెరువులు, అడవులు, చేపల వేట వంటి ఉమ్మడి వనరులను ప్రజలు తామే ఎలా కాపాడుకుంటారో అధ్యయనం చేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పురస్కారం లభించింది. దీర్ఘకాలం మనుగడ సాగించిన వ్యవస్థల్లో ఉన్న ఎనిమిది లక్షణాలను ఆమె 1990లో వెలువరించిన గ్రంథంలో గుర్తించారు. వాటిలో మూడు ఇక్కడ నేరుగా వర్తిస్తాయి. నియమాలకు లోబడేవారికి వాటిని మార్చడంలో పాత్ర ఉండాలి. శిక్షలు తీవ్రతను బట్టి అంచెలంచెలుగా ఉండాలి. వివాదాలు తక్కువ ఖర్చుతో, త్వరగా తేలే ఏర్పాటు ఉండాలి.

దీన్ని అనుసరించి, చిన్న పొరపాటుకు వ్యక్తిగత సూచన, పునరావృతమైతే హెచ్చరిక, తరువాత తాత్కాలిక నిషేధం, చివరిగా శాశ్వత తొలగింపు అనే క్రమం సముచితం. బెదిరింపులు, వ్యక్తిగత వివరాల బహిర్గతం, పిల్లలపై లైంగిక వేధింపు వంటివాటికి ఈ మెట్లు వర్తించవని, వెంటనే తొలగింపు ఉంటుందని వేరుగా రాయాలి.

నిర్వాహకులకూ నియమాలు తప్పవు. తన మిత్రునిపై వచ్చిన ఫిర్యాదును మోడరేటరు తానే విచారించకూడదు. అప్పీలును మొదటి నిర్ణయం తీసుకున్న వ్యక్తి కాక మరొకరు వినాలి. కథలో ఓడిన కోపాన్ని నిర్వాహక అధికారంతో తీర్చుకోవడం నిషిద్ధమని స్పష్టంగా రాయాలి. ఫిర్యాదుదారు పేరు గోప్యంగా ఉంచుతూనే, ఆరోపణకు గురైన వ్యక్తికి ఏ నియమం ఉల్లంఘించారో తెలియజేయాలి. నియమం మారితే, మార్పుకు ముందు జరిగిన పనికి కొత్త నియమం కింద శిక్ష విధించకూడదు.

భారతీయ చట్టం

సమూహ నియమావళి చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. 2021 ఫిబ్రవరిలో నోటిఫై చేసిన ఐటీ నియమాల ప్రకారం, వినియోగదారుల ఫిర్యాదుల కోసం వేదికలు అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలియజేయాలి. వేదిక నిర్ణయంతో సంతృప్తి చెందనివారు ఆశ్రయించేందుకు 2022 అక్టోబరు సవరణ ద్వారా ఫిర్యాదుల అప్పీలు కమిటీలకు వీలు కల్పించారు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది. వారి డేటా వినియోగానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కోరుతుంది. ఐటీ చట్టంలోని 67బి సెక్షన్, పిల్లలను అసభ్యంగా చిత్రించే సామగ్రి విషయంలో చిత్రాలతో పాటు అక్షర రూపాన్నీ పేర్కొంటుంది. అందువల్ల ‘ఇది కథే కదా’ అన్న సమర్థనకు తావివ్వకుండా, బాల పాత్రలతో లైంగిక సన్నివేశాలను సంపూర్ణంగా నిషేధించాలి. పెద్దలకు మాత్రమే పరిమితమైన కథలు, పిల్లలు పాల్గొనే కథలు వేర్వేరు గదుల్లో నడవాలి. పెద్దలు మైనర్లతో ఏకాంత సంభాషణలు జరపరాదన్న నియమం కూడా ఉండాలి. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించింది కనుక, కథలోని గెలుపోటములపై పందేలు కాయడాన్నీ నియమావళిలో నిషేధించడం అవసరం.

నియమావళి ఒకసారి రాసి మూసివేసే పత్రం కాదు. ఏడాదికి ఒక్కసారైనా సభ్యులతో చర్చించి సవరించుకోవాలి. ఆ చర్చలో పాతవారితో పాటు ఇటీవల చేరినవారి మాట కూడా వినాలి. గుమ్మం ఎత్తు ఎంత ఉందో ఇప్పుడే దాటి వచ్చినవారికే బాగా తెలుస్తుంది.

వేధింపు నేరస్థాయికి చేరితే, సమూహ విచారణ ముగిసేవరకు ఆగనవసరం లేదు. సైబర్ నేరాలపై జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్ ఆర్థిక మోసాలకు 1930, ఆపదలో ఉన్న పిల్లలకు 1098 హెల్ప్‌లైన్లు అందుబాటులో ఉన్నాయి. ఈ వివరాలను నియమావళి చివర ఉంచడం ప్రతి సమూహానికీ మంచిది.