చేనికి శిస్తు, కొట్టుకు పన్ను

వినుకొండ ప్రాంతపు రైతు తన చేని మిరపకాయలను కల్లములో నెండబెట్టి అమ్మినచో, ఆ లాభముపై ఆదాయపు పన్ను లేదు. ఆ బస్తాలనే కొని గుంటూరులో మారుబేరము చేసిన వర్తకుని లాభముపై పన్ను కలదు. సరుకు ఒకటియే. ఈ భేదమెట్లు కలిగెనో తెలియవలెనన్న నూటయఱువదియేండ్ల చరిత్రను తిరుగవేయవలెను.

1857 నాటి తిరుగుబాటు నణచుటలో ప్రభుత్వము అప్పులపాలయ్యెను. ఆ లోటు పూడ్చుటకై జేమ్సు విల్సను 1860లో మనదేశమున మొదటి ఆదాయపు పన్నును తెచ్చెను. ఏటికి 200 రూపాయలకు లోపడిన రాబడికి పన్ను లేదు. 500 వఱకు నూటికి 2, ఆపైన 4 రూపాయలు. భూమి రాబడియు నందు చేరియుండెను. చెన్నపట్నపు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెల్యను దీనిని బహిరంగముగ నెదిర్చి, క్రొత్త పన్నుకంటె వ్యయము తగ్గించుటయే మేలనెను. అందులకు పదవి కోల్పోయెను. ఆయనయే పిమ్మట ఆర్థిక సభ్యుడై తిరిగి వచ్చెను. 1865లో ఆ పన్ను నిలిచిపోయెను.

పిమ్మట పలు ప్రయత్నములు జరిగి, 1886 చట్టముతో పన్ను స్థిరపడెను. వ్యవసాయపు రాబడిని ఆ చట్టము వదలివేసెను. రైతు అప్పటికే భూమిశిస్తు చెల్లించుచుండెను గదా! ఒకే చేనిపై రెండు పన్నులు న్యాయము కాదనిరి.

ఆ శిస్తు బరువెంతటిదో గుంటూరు సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు నిరాకరించిరి. పల్నాట అడవి పుల్లరి నెదిర్చిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో కాల్పులకు బలియయ్యెను. ఆ యేటి ఏప్రిల్ 1వ తేదీననే క్రొత్త ఆదాయపు పన్ను చట్టము అమలునకు వచ్చెను. అందును రైతు మినహాయింపు నిలిచెను. 1950 నాటి రాజ్యాంగము వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకే యుంచెను. 1961 చట్టమును, 2026 ఏప్రిల్ నుండి అమలునకు నిర్ణయింపబడిన 2025 చట్టమును ఆ మినహాయింపును నిలిపినవి.

శ్రోతలు గమనింపవలసిన హద్దు ఒకటి కలదు. కాయల నెండబెట్టుట, ప్రత్తి తీసి బోరెములకెత్తుట సేద్యములోనివే. కాయలను కారముగ మరపట్టించి అమ్మినను, ప్రత్తిని జిన్ను పట్టించి దూది చేసినను, అందువలని అదనపు లాభము వ్యాపారము క్రిందికి వచ్చును. వ్యక్తికి కొంత మేర రాబడిపై పన్ను లేదు. భాగస్వామ్య సంస్థకు మొదటి రూపాయినుండియే పన్ను. రైతుకు ఇతర రాబడియు నున్నచో, 5,000 రూపాయలు దాటిన సేద్యపు రాబడిని, ఆ ఇతర రాబడికి రేటు కట్టుటకు మాత్రము, కలిపి లెక్కింతురు. 1973లో వచ్చిన పద్ధతి యిది.

నేడు శిస్తు బరువు పూర్వమువలె లేదు. మినహాయింపు మాత్రము నిలిచినది. దానివలన మేలెవ్వరికి? రెండెకరముల మెట్టరైతు రాబడి పన్ను హద్దునకే చేరదు. అతనికి ఆ మినహాయింపు ఉన్నను లేకున్నను ఒక్కటే. పెద్ద కమతములవారికిని, వ్యాపారపు లాభమును సేద్యపు రాబడిగ చూపువారికిని అది లాభకరము. కావున రైతు పేర జరుగు వాదమున రైతెవ్వడో ముందు విచారింపవలెను. నిజమైన రైతు తన కౌలు కాగితములను, అమ్మకపు చీటీలను భద్రపఱచుకొనుట మంచిది. తాతలు శిస్తు కట్టి సంపాదించిన హక్కు అన్యుల పాలు గాకుండుటకు ఆ చీటీలే సాక్ష్యము.