రెండు చౌక సెలెరాన్ల కథ

ఫొటోషాపులో పెద్ద బొమ్మకు మెరుగులు దిద్దుతూ, పక్కనే పేజ్‌మేకరులో పుటలు సర్దుతూ, ఆ మధ్యలోనే ముద్రణకు పని పంపగలగడం 1990లలో డబ్బున్న సంస్థలకే సాధ్యం. అందుకు తగిన రెండు ప్రాసెసర్ల యంత్రాలు ఉండేవి గాని, వాటి ధర సామాన్యుడికి అందేది కాదు. విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటరు కూర్చుకునేవారికి 1999లో ఆ వైభోగం చౌకగా దక్కింది. అదీ ప్రాసెసరు చేసినవారి ఉద్దేశానికి విరుద్ధంగా! ఆ వైనం తెలుసుకోదగ్గది.

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ పేరిట చౌక ప్రాసెసరును విడుదల చేసింది. ఖర్చు తగ్గించే తొందరలో రెండవ అంచె క్యాష్ మెమరీని పూర్తిగా తీసేసింది. మాటిమాటికీ బీరువా దగ్గరికి లేచి వెళ్ళకుండా బల్ల మీదే పెట్టుకునే కాగితాల వంటిది క్యాష్. అది లేని ప్రాసెసరును సమీక్షకులు ఎద్దేవా చేశారు. దాంతో ఆగస్టు 24న సెలెరాన్ 300ఎ వచ్చింది. ఇందులో 128 కిలోబైట్ల క్యాష్‌ను చిప్పులోనే, పూర్తి వేగంతో పనిచేసేలా అమర్చారు. ఖరీదైన పెంటియం-2లో క్యాష్ 512 కిలోబైట్లే గాని, నడిచేది సగం వేగంతో. అదే రోజున విడుదలైన 450 మెగాహెర్ట్జ్ పెంటియం-2 ధర 669 డాలర్లు, 300ఎ ధర 149.

ఇక్కడినుంచి కథ గుణకారం వచ్చినవారిది. ప్రాసెసరు వేగం అంటే బస్సు వేగాన్ని ఒక గుణకంతో హెచ్చవేయగా వచ్చేది. 300ఎలో బస్సు 66, గుణకం 4.5. తక్కువ వేగపు చిప్పుల మీద ఎక్కువ వేగం ముద్రలు వేసి అమ్మే మోసగాళ్ళకు విరుగుడుగా గుణకాన్ని మార్చడానికి వీల్లేకుండా బిగించారు. మదర్‌బోర్డు బస్సును బిగించడం మాత్రం వారి చేతిలో లేదు. 440 బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డులో బస్సును 100కు పెంచితే అదే చిప్పు 450 దగ్గర నడిచేది. అన్నీ కాదు, చాలా చిప్పులు. చౌక సరుకుకు గిరాకీ ఉన్నందువల్ల సత్తా గల చిప్పులు కూడా 300 ముద్రతోనే బజారుకు వచ్చేవి.

రెండు సెలెరాన్లను జతగా వాడే వీలు లేదని ఇంటెల్ మాట. నిజానికి ఆ శక్తి చిప్పులో ఉంది, బయటికి తీగె మాత్రం కలపలేదు. జపానులో ఔత్సాహికులు ప్రాసెసరు పలకకు రంధ్రం చేసి, తీగెను టంకం వేసి మరీ కలిపారు! 1999లో కొత్త రూపు సెలెరాన్లు వచ్చాక ఆ శ్రమా తప్పింది. అబిట్ సంస్థ బీపీ6 అనే బోర్డు మీద రెండు సాకెట్లు పెట్టి అమ్మింది. రెండు 366లు కొని, బస్సు పెంచి, రెంటినీ 550 దాకా లాగడం చాలామందికి పరిపాటి అయింది.

అయితే విండోస్ 98కి రెండో ప్రాసెసరు కనబడదు. విండోస్ ఎన్టీ గాని, 2000 గాని, లినక్స్ గాని ఉండాలి. కనుక విండోస్ 98 మీద అను ఫాంట్లతో పుటలు కూర్చే మన డీటీపీ కేంద్రానికి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునుంచి ఎవరైనా ఈ బోర్డు మోసుకొచ్చినా, సగం యంత్రం నిద్రపోయేదే.

ఫొటోషాపు ఫిల్టర్లు పనిని రెండు ప్రాసెసర్లకూ పంచేవి. ఆ వేగం కన్నా, ఒకటి బొమ్మతో కుస్తీ పడుతున్నా రెండోది మిగతా పనులకు పలకడమే అసలు సుఖమని నా అభిప్రాయం. కాని బొమ్మ మెమరీలో పట్టకపోతే హార్డుడిస్కు మీదికి రాసుకుంటూ రెండు ప్రాసెసర్లూ కలిసి ఎదురుచూడవలసిందే. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో వచ్చిన భూకంపం తరువాత మెమరీ ధరలు భగ్గుమన్నాయి. రెండో ప్రాసెసరా, మరింత మెమరీయా అన్న మీమాంసలో బొమ్మల పనివాడు మెమరీ వైపే మొగ్గవలసింది.

2000లో వచ్చిన సెలెరాన్లలో ఇంటెల్ ఆ సందును మూసేసింది. ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లు ఇళ్ళ కంప్యూటర్లకు వచ్చింది 2005లో. ఈలోగా కెపాసిటర్లు పాడైన బీపీ6 బోర్డులకు యజమానులే కొత్తవి టంకం వేసుకుంటూ నెట్టుకొచ్చారు.